రాయి ఆరేదాకా

2022లో మార్కాపురంలో పలకరాతి టైల్స్ చేసే ఒక ఫ్యాక్టరీకి ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ అమర్చే పని నాకు వచ్చింది. మాది గిద్దలూరు. సొంత ప్రాంతంలో దొరికిన మొదటి పని కావడంతో కాస్త పొంగిపోయాను కూడా.

ఈ పనికి ప్రాణం వర్క్‌ఫ్లో. అంటే సరుకు ఏ దశ నుంచి ఏ దశకు పోవాలో చెప్పే దారి. ఒక్కో దశను స్టేటస్ అంటాం. నేను కోత, తనిఖీ, ప్యాకింగ్ అని మూడు పెట్టాను. తనిఖీలో నాలుగు గంటలు దాటిన ఏ సరుకు లాట్ అయినా దశలన్నీ చూపే తెర మీది బోర్డులో ఎర్రబడేలా ఒక నియమం రాశాను. ఆ నాలుగు గంటలు నా బుర్రలో పుట్టినవే, ఎవర్నీ అడగలేదు.

పది రోజులకు బోర్డంతా ఎరుపే. అన్నీ తనిఖీ చేసే మరియమ్మ దగ్గర ఆగినవే. యజమాని వెంకటరెడ్డి గారు ఫోన్ చేశారు.

"పెద్దామె నిదానమైపోయింది తమ్ముడూ. సోమవారం నుంచి ప్యాకింగ్‌లో ఏస్తా. నీ బోర్డు చూపించకపోతే నాకు తెలిసేదే కాదు."

మెచ్చుకోలే, కానీ మింగుడుపడలేదు. ముప్ఫై ఏళ్లు అదే చోట కూర్చున్న మనిషి పది రోజుల్లో ఎలా నిదానమైపోతుంది? మర్నాడు పొద్దున్నే ఫ్యాక్టరీకి వెళ్లాను.

మరియమ్మ నన్ను చూడగానే అడిగింది. "నువ్వేనా నాయనా నన్ను ఎర్రగా చేసింది?"

తలెత్తలేకపోయాను. "తనిఖీకి అంతసేపు ఎందుకు పెద్దమ్మా?"

ఆమె అప్పుడే కోత మిషన్ నుంచి వచ్చిన టైల్‌ను వేలి కణుపుతో కొట్టింది. నీళ్లు పోస్తూ కోస్తారు కదా, తడిగా ఉంది. మందంగా మోగింది. తర్వాత గోడకు ఆనించి ఆరబెట్టిన నిన్నటి వాటిలో ఒకదాన్ని కొట్టింది. ఖంగుమంది. దాని పక్కది మాత్రం డొల్లగా పలికింది. దాన్ని రెండు చేతులా పట్టి వంచితే రెండు పొరలుగా విడిపోయింది.

"తడి మీద కొడితే అన్నీ ఒకే తీరుగా పలుకుతాయి. ఆరినాకనే రాయి నిజం చెప్పేది. నీ గంటల కోసం అట్లనే పంపిస్తే, అవతల ఇంటి గోడకు అంటించినాక పగులుతాది. అప్పుడు ఎవరి పేరు పోతాది?"

వెంకటరెడ్డి గారు ఎప్పుడొచ్చారో, మా వెనకే నిలబడి విన్నారు. "ఇన్నేళ్లు ఈమె చెయ్యి నమ్మి సరుకు పంపినా. పది రోజుల ఎరుపు చూసి మర్చిపోయినా" అన్నారు. ఆమెను మార్చే మాట అక్కడితో ఆగిపోయింది.

అక్కడే ల్యాప్‌టాప్ తెరిచాను. కోతకీ తనిఖీకీ మధ్య 'ఆరుతోంది' అనే కొత్త స్టేటస్ పెట్టాను. ఆ దశలో గంటలు లెక్కలోకి రావు. దాన్ని దాటించే బటన్, ప్యాకింగ్‌కు పంపే బటన్ మరియమ్మ ఫోన్‌లోనే ఉంటాయి. యజమాని కూడా కదపలేరు. ఈ వృత్తిలోకి వచ్చిన పద్నాలుగేళ్లలో నేను గీసిన వర్క్‌ఫ్లోలన్నింటిలో నాకు గర్వంగా ఉండేది ఈ ఒక్క గడి గురించే.

బటన్ నొక్కడం నేర్పితే, ఆమె అలవాటుగా ఫోన్‌ను కణుపుతో కొట్టింది. ఇద్దరం నవ్వుకున్నాం. నిన్నటి లాట్ ప్యాకింగ్‌కు కదిలింది. తెర మీద దాని కింద ఒక లైను వచ్చింది.

"ఏంది రాసినాది?"

"ఆమోదించినవారు, మరియమ్మ."

ఆ అక్షరాల మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది.

"చిన్నప్పటి నుంచి ఎందరు పిల్లోళ్లు రాసుకునే పలకలో ఈ చేతుల మీదుగా పోయినాయి నాయనా. నా పేరు రాసింది ఒక్కటీ చూడలా."

అప్పటి నుంచి ఏ ఫ్యాక్టరీకి వెళ్లినా ల్యాప్‌టాప్ సంచిలోనే ఉంచి, ముందు ఒక పూట పని చేసేవాళ్ల పక్కన కూర్చుంటున్నాను.