చుట్టాలకిచ్చే నీళ్లు

మా చిన్నాయనతో వాదాలు చాలా గెలిచాను. గెలవకపోతే బాగుండేదనిపించింది ఈ ఒక్కటే.

ఎనభైల మొదట్లో బెంగళూరులో ఒక ప్రైవేటు ల్యాబులో కెమిస్టుగా చేసేదాన్ని. జిగణి వైపు పొలాలు కొని ఫ్యాక్టరీలు కడుతున్న రోజులవి. ఒక బిస్కెట్ల కంపెనీ, ఒక పొలం కొనే ముందు అక్కడి మట్టీ నీళ్లూ పరీక్ష చేయమని మాకు పని అప్పగించింది. చూస్తే ఆ పొలం మా చిన్నాయనది. సొంతవాళ్ల పొలానికి నేను పోకూడదని మేనేజరుకు చెప్పాను. "మంచిదేగా, దారి తెలిసినవాళ్లు" అన్నాడు. ఆయన తెలివి అంతవరకే.

చిన్నాయన గేటు దగ్గరే ఎదురొచ్చాడు. "రామ్మా. మన ఇంటి పిల్లే వస్తా ఉండాదని తెలిసినాకే నాకు నిద్ర పట్టింది."

"నేనేం నిద్రమాత్రను కాను చిన్నాయనా. నీళ్లు ఎట్లుంటే అట్లే రాస్తాను."

"రాయి, ఎవురు వద్దన్నారు? బాగుండాయి కాబట్టి బాగుండాయని రాయి."

ఆయన తొందరకు కారణం ఉంది. గట్టు పక్కనే, బెంగళూరు నగర్తపేట సందుల్లో చోటు చాలక తరలివచ్చిన షెడ్డు ఒకటి లేచింది. కొళాయిలకు తళతళలాడే పూత పూస్తారు. పూత కడిగిన నీళ్లు గట్టు వెంబడే వదిలేస్తారు. ఆ వైపు మడిలో రాగి పైరు మొలవడం మానేసింది. ఈ పొలం అమ్మి ఆనేకల్ అవతల ఇంకోటి కొనాలి, లేదంటే ఒకరి చేలో కూలికి పోవాలి. ఆ రెండో మాట ఆయన నోట రాదు.

బావి మోటారు కాసేపు నడిచాక వచ్చే నీళ్లు పట్టాలి. కరెంటు లేదు. సీసాలు అరుగు మీద పెట్టి, మట్టి కోసం పొలంలోకి వెళ్లాను. గట్టు దగ్గర తవ్వబోతే చిన్నాయన పార పట్టుకున్నాడు.

"నడిమధ్యలో తవ్వు. అక్కడ మంచి మన్ను ఉండాది."

"ఇవేమైనా పెళ్లిచూపులా, మంచి వైపు చూపించడానికి?" అన్నాను. పార విడిపించుకొని గట్టు దగ్గరే తవ్వాను.

తిరిగొచ్చేసరికి సీసాలు నిండి, మూతలు బిగించి, తుడిచి ఉన్నాయి. చిన్నమ్మ చేసిన పని. నేను చూడకుండా పట్టినవి చెల్లవనేలోపే చిన్నాయన, "ముందు చూడు" అంటూ పక్కన గొంతుక్కూచున్నాడు. గాజు గొట్టంలో కాసిని నీళ్లు పోసి, తెచ్చుకున్న మందు చుక్కలు వేశాను. పూతలో వాడే క్రోమియం ఉంటే ఊదారంగు తిరగాలి. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. బిగిసిన చిన్నాయన భుజాలు సడలాయి.

నాకు మాత్రం మింగుడుపడలేదు. ఎదురుగా ఎనుములు తాగే తొట్టిలో నీళ్లు లేత పసుపుగా ఉన్నాయి.

"ఇవెక్కడివి చిన్నమ్మా?"

"మన బావివే."

"మరి సీసాల్లోవి?"

"బోరింగువి. ఊర్లో నించి బిందెతో తెచ్చినా" అంది గర్వంగా. "పెద్ద కంపెనీవోళ్లకు పోయే నీళ్లు గదా. చుట్టాలకు నేనెప్పుడన్నా బావినీళ్లు ఇచ్చినానా? వస్తానే నువ్వు తాగినావే, అవీ బోరింగువే."

"వంటింటి కడవలోవి?"

"అవి బావివి. మాకు."

కడవలోంచి ఒక గ్లాసు తెమ్మన్నాను. గొట్టం కడిగి, పోసి, మందు వేశాను. ముందు గులాబీ, చూస్తుండగానే చిక్కటి ఊదా.

చిన్నాయన సీసాలన్నీ ఒళ్లోకి లాక్కున్నాడు. "నిండినాయి గదా, మూతలూ వేసినాము. ఎత్తుకొని పో."

"అవి ఈ పొలం నీళ్లు కావు."

"ఎవురికి తెలుసు?"

"నాకు."

"కాలేజీకి పోయినన్నాళ్లూ ఈ చేని రాగులే తింటివి. అది గ్యాపకముండాదా?"

"ఉంది. అందుకే అడుగుతున్నాను. ఈ కడవ నీళ్లు తాగేదెవరు?"

ఆయన సీసాల మూతలు మళ్లీ బిగించసాగాడు. చిన్నమ్మే అంది, "మేమే. మనవరాలి పాలల్లోనూ ఇవే కలుపుతా ఉండాను."

ఆమె లోపలికి పోయి కడవ తెచ్చి వాకిట్లో గుమ్మరించింది. వంగి, మొగుడి ఒళ్లోంచి సీసాలు ఒక్కొక్కటే తీసి ఖాళీ కడవలో పోసింది. చివరి సీసా ఆయన గట్టిగా పట్టుకున్నాడు. ఆమె లాగలేదు, చెయ్యి చాచి నిలబడింది. వదిలాడు.

"పో, బావివి పట్టుకో" అని ఖాళీ సీసాలు నా చేతికిచ్చింది. "ఈ పొద్దు నించి మేమూ చుట్టాలమే."

బావి దగ్గరికి చిన్నాయన రాలేదు. కరెంటూ రాలేదు. చేద వేసి నేనే లాగాను. బస్సుకు మాత్రం మట్టి సంచి భుజాన వేసుకొని వచ్చాడు. సంచి దించకుండానే అడిగాడు.

"ఇది ఎవురి వల్ల అయిందో కూడా రాస్తావా నీ కాగితంలో?"

"లేదు. నీళ్లలో ఏముందో అంతే రాస్తాం."

"అట్లయితే ఈ పరీక్ష నాకొక్కడికేనా?"

బస్సు వచ్చేదాకా నేను గట్టు అవతలి షెడ్డు కేసే చూస్తూ నిలబడ్డాను. సంచి మెట్టు మీద పెట్టి, నేను సీట్లో కూర్చోకముందే ఆయన వెనక్కి తిరిగాడు.