స్లైడులో దొరకని జ్వరం

మొన్న పన్ను పీకించుకుందామని ఖమ్మం వెళితే, అక్కడి పళ్ల డాక్టరమ్మ, నా కూతురికంటే చిన్నది, నోరు తెరవమనే ముందు గుండె జబ్బేమైనా ఉందా అని అడిగింది. లేదన్నాను గానీ ఆ ఒక్క ప్రశ్నకే కుర్చీ దిగి కాసేపు బయట కూర్చుని వచ్చాను. నా ఈడువాళ్లకు చెప్పుకుంటే తప్ప ఈ బరువు దిగేట్టు లేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను టేకులపల్లి వైపు అడవి పల్లెల్లో మలేరియా వర్కర్‌ని. జ్వరమొచ్చినవాళ్ల వేలికి సూది గుచ్చి, గాజు స్లైడు మీద రక్తపుచుక్క పూసి దవాఖానాకు పంపడం, ఫలితం వచ్చేలోగా చేదు మాత్రలు మింగించడం నా పని. వానలు పడ్డాయంటే మా దగ్గర జ్వరానికి ఒకటే పేరు, ఇంకో పేరు ఉంటుందని నాకు తోచేదే కాదు. ఊరంతా నన్ను జరాల డాక్టర్ అనేది, నేనూ ఆ మాటకు తెగ పొంగిపోయేవాణ్ణి.

పక్క పల్లెలోనే ఇచ్చిన నా చెల్లెలికి అప్పుడప్పుడూ గుండెదడ వస్తుంటే ఖమ్మంలో పెద్ద డాక్టర్‌కు చూపించాను. గుండెలో ఒక కవాటం రెక్క వదులై వెనక్కి ఉబ్బుతోందని, కాస్త రక్తం వెనక్కి కారుతోందని, అయినా భయం లేదని, పని మానొద్దని, చాయ్ తగ్గించి నీళ్లు బాగా తాగమని, ఏడాదికోసారి చూపించుకోమని చెప్పి, పన్ను పీకించుకోవాలంటే ముందు తనకు చెప్పాలని, జ్వరం వచ్చి తగ్గకుంటే వెంటనే రావాలని రెండుసార్లు నొక్కి చెప్పాడు. పన్ను సంగతి ఆ రోజుల్లో డాక్టర్లందరూ అలాగే చెప్పేవారు. చెల్లెలు ఏమీ బెదరలేదు. దడ వచ్చినప్పుడు కూర్చుని నీళ్లు తాగి, నా గుండెకు జాతరొచ్చిందన్నా అని నవ్వేది. అలా ఆరేళ్లు ఇప్పపూలు ఏరింది, బీడీలకు తునికాకు కోసింది, బిడ్డను పెంచింది, అడవిలో అందరికంటే ముందు నడిచింది.

ఒక ఎండాకాలం తునికాకు కోతల్లో ఆమెకు పన్ను వాచింది. ఖమ్మం పోదామా అని అడిగితే, ఒక్క పన్నుకు అంత దూరమెందుకని అన్నది నేనే. ఆకు కోత ఉండేది కొద్ది రోజులే, తప్పితే మళ్లీ ఏడాదికే. అంగట్లో పళ్లు పీకేవాడి దగ్గర పీకించుకుని మర్నాడే ఆకుకు పోయింది.

తొలకరి పడ్డాక సాయంత్రాలు చలిజ్వరం మొదలైంది. ఇంకేముంది, స్లైడు తీశాను, మాత్రలిచ్చాను. మలేరియా లేదని కాగితం వస్తే, దవాఖానాలో చూసేవాడికి కళ్లు లేవని తిట్టి, మళ్లీ స్లైడు తీసి మళ్లీ మాత్రలే ఇచ్చాను. ఆ రెండోసారి వేలు పట్టుకున్నప్పుడు గోళ్ల కింద సన్నటి ఎర్రగీతలు కనబడ్డాయి, అడవిలో తిరిగే చేతులు అట్లాగే ఉంటాయనుకున్నాను. ఆమె పెనిమిటి, మా బావ, ఖమ్మం మాట ఎత్తితే నాకు తెల్వని జరమా అని గదమాయించాను.

"నువ్విచ్చింది మింగుత గానీ, ఈ జరం వేరేదున్నట్టుంది అన్నా" అంది చెల్లెలు. ఆ మాటా వినలేదు, పాడు బుద్ధి నాది.

మూడో వారానికి ఆయాసం వచ్చి, పడుకోలేక కూర్చునే ఉంటే, జీపు కిరాయికి మాట్లాడి ఖమ్మం తీసుకుపోయాం. డాక్టర్ ముందు ఆమె గోళ్లు చూశాడు, తరువాత నా వైపు చూశాడు. పంటి నుంచి క్రిములు రక్తంలో కలిసి కవాటానికి పట్టాయని, ముందే వస్తే బతికించే వీలుండేదని నన్నొక్కణ్ణే పిలిచి చెప్పాడు. నాలుగో రోజు నా చెల్లెలు పోయింది. వరండాలో నేల మీద కూర్చున్న బావకు జరం ముదిరిందని చెప్పాను. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు.

ఇప్పుడు ఆ పల్లెల్లో మలేరియా అరుదైపోయింది, వచ్చినా ఇంటి గుమ్మంలోనే పరీక్ష, ఫోన్ చేస్తే అంబులెన్సు. మంచి రోజులే. చెల్లెలి కూతురు పండక్కో పబ్బానికో పిలిచి, ఎదురుగా కూర్చుని అన్నం వడ్డిస్తూ ప్రతిసారీ అదే మాటంటుంది.

"గిప్పుడైతే మా అమ్మ బతుకుతుండె గదా మామా, మలేరియానే లేదాయె."

అవ్ బిడ్డా, అంటాను.