ఫోటో మామ అద్దంలో మా అన్న

నా చిన్నప్పుడు మా జనగామలో ఒక మనిషి పోయాడన్న మాట రూఢి కావాలంటే ఫోటో మామ దుకాణం ముందున్న అద్దాల పెట్టెలో చూడాల్సిందే. స్టేషన్ రోడ్డులో ఆయన స్టూడియో. మామ అంటే చుట్టం కాదు, మా అమ్మను అక్కా అని పిలిచేవాడు కాబట్టి మాకు మామ అయ్యాడు. ఊళ్లో జరిగే పెళ్లిళ్లు, బతుకమ్మలు, పీరీల పండుగలు, బడిపిల్లల వరుసలు, కొత్త బోరింగు దగ్గర బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లు, ఏదీ వదలకుండా తీసేవాడు. ప్రతి ఫోటో వెనకా పేరు రాసేవాడు. అద్దాల పెట్టెలో ఎడమ పక్కన ఊరి సంగతులు, కుడి పక్కన పోయినవాళ్లు. పోయినవాళ్ల ఫోటోకు ఒక బంతిపూల దండ. పొద్దున్నే బస్సు దిగినవాళ్లు అటు ఒక చూపు వేసి, తెలిసిన ముఖం కనిపిస్తే సొంత పని మానుకుని ఆ ఇంటికి నడిచేవాళ్లు. ఆ పెట్టె అబద్ధం చెప్పిందని ఎవరూ ఎరగరు.

రైలు పట్టాల మీద ఎవరైనా పడి చనిపోయినా పోలీసులు ఆయన్నే పిలిచేవాళ్లు. ఫోటో తీయడానికే కాదు, మనిషిని గుర్తుపట్టడానికి కూడా. చుట్టుపక్కల ఆయన కెమెరా ముందు కూర్చోనివాళ్లు తక్కువ.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం లేచినప్పుడు నేను బడిలో చిన్న తరగతుల్లో ఉన్నాను. నాయిన అప్పటికే లేడు. ఇంట్లో అమ్మ, అన్న, నేను. అన్న హన్మకొండలో కాలేజీ చదువుతూ ఊరేగింపుల్లో ముందు వరుసలో నడిచేవాడు. ఒక ఊరేగింపులో ఒక జీపు తగలబడింది. తగలబెట్టింది ఎవరో గానీ పోలీసులు వెతికింది మా అన్నను. అతని దోస్తు ఒకడు దొరికాడు. ఆ పిల్లవాణ్ణి కొట్టిన కొట్టుడుకు మళ్లీ సరిగ్గా నడవడని ఊరంతా చెప్పుకున్నారు. అన్న ఎటు పోయాడో తెలియదు. మా ఇంటి ఎదుటి చాయ్ హోటల్లో ఒక మఫ్టీ పోలీసు పొద్దున కూర్చుంటే చీకటి పడేదాకా లేచేవాడు కాదు. అన్న దొరికితే మళ్లీ ప్రాణాలతో చూడనని అమ్మకు భయం. అన్నం ముందు కూర్చుని కూడా తలుపు వైపే చూసేది.

అలాంటి రోజుల్లో ఒకనాడు బడికి పోతూ అలవాటుగా అద్దాల పెట్టె ముందు ఆగాను. కుడి పక్కన మా అన్న ఉన్నాడు. కాలేజీలో చేరినప్పుడు తీయించుకున్న ఫోటో, పక్క పాపిడి, కొత్త చొక్కా. దాని మీద బంతిపూల దండ. దండ మీద నీళ్లు ఇంకా ఆరలేదు. నాకు ఏడుపు రాలేదు. ఎవరో పెద్దాయన నా భుజం పట్టుకుని, "నీ అన్ననే గదా బిడ్డా?" అన్నాక గానీ ఇంటికి పరుగు తీయలేదు.

అమ్మ చెప్పుల్లేకుండా స్టేషన్ రోడ్డుకు ఉరికింది. మామ గడప దగ్గరే నిలబడి, నలుగురికీ వినబడేటట్టు చెప్పాడు. "రఘునాథపల్లి అవతల పట్టాల మీద దొరికిండు అక్కా. మొకం దెబ్బతిన్నది. నేనే పోయి ఫోటో తీసిన, నేనే గుర్తుపట్టిన. ఎండకు ఉంచలేక అక్కడ్నే మట్టి చేసిండ్రు." అమ్మ ఆ రోడ్డు మీదే కూలబడిపోయింది. అంతసేపూ మామ ఆమె ముఖంలోకి చూడలేదు.

మధ్యాహ్నానికి మా వాకిలి నిండిపోయింది. పోలీసు అధికారి కూడా వచ్చాడు. తల నేలకు కొట్టుకుంటున్న అమ్మను కాసేపు చూశాడు. టోపీ తీసి చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆయన వెనకే చాయ్ హోటల్లో మనిషి కూడా లేచాడు.

సాయంత్రం మామ అన్న ఫోటోకు చట్రం కట్టించి తెచ్చాడు. ఓదార్చడానికన్నట్టు అమ్మ పక్కన కూర్చున్నాడు. నేను ఆమె ఒడిలో ఉన్నాను కాబట్టి విన్నాను.

"అక్కా, ఏడ్చుడు ఆపకు. పోరడు పాణంతోని ఉన్నడు. మానుకోట అవతల, కురవి దగ్గరి తండాల, ఇంకో దోస్తు ఇంట్ల ఉన్నడు. నాకు కబురు పంపిండు."

అమ్మ గొంతు టక్కున ఆగింది. నా చెయ్యి నొక్కింది, ఎముక విరుగుతుందేమో అన్నంతగా. వాకిట్లో ఎవరో ఇటు తిరిగారు. అమ్మ మళ్లీ ఏడుపు అందుకుంది. ఆ రాగంలోనే అడిగింది, "నాకు ముందే చెప్పకపోతివి గదరా తమ్మీ, నా గుండె పలిగిపోయె గదరా" అని.

"ఎట్ల చెప్పాలె అక్కా? నీ మొకాన్ని ఇన్నేండ్ల సంది చూస్తున్న. దానికి అబద్ధం రాదు."

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కొంచెం సేపటికి తల ఎత్తి ఆయన వైపు చూసింది. "మరి ఆ పట్టాల మీది పిల్లగాడు ఎవరి కొడుకు?"

ఊరందరి పేర్లూ తెలిసిన మామకు ఆ పేరు తెలియదు. చేతికి వెండి కడెం ఉందని, మా అన్న వయసేనని మాత్రం గొణిగాడు. అప్పుడు అమ్మ ఏడ్చిన ఏడుపు పొద్దుటి దానికంటే పెద్దది. అది ఎవరి కోసమో వాకిట్లో ఎవరికీ తెలియదు.

మూడోనాడు పిట్టకు పెట్టాలి. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి పెడితే పిట్ట ముట్టాలి. ఆ పిల్లవాడికి ఏది ఇష్టమో అమ్మకేం తెలుసు? అందుకని తనకు చేతనైనవన్నీ వండింది. వంకాయ కూడా వండింది. మా చిన్నమ్మ పొయ్యి దగ్గరికి వచ్చి, "నీ కొడుకు వంకాయ మొకం గూడ చూడడు గదనే అక్కా, గిదెందుకు?" అని అడిగింది. అమ్మ గరిటె ఆపకుండానే, "ఉండనియ్యే, తింటడేమో" అంది. పిట్ట దేన్ని ముట్టిందో నేను చూడలేదు. అమ్మ ముఖాన్నే చూస్తూ ఉండిపోయాను.

గొడవ చల్లారి కేసులు ఎత్తేశాక అన్న పట్టపగలు రైలు దిగి ఇంటికి వచ్చాడు. స్టేషన్‌లో ఒకావిడ అతన్ని చూసి చేతిలోని సంచి వదిలేసిందట. పోలీసులు అడిగితే పొరపాటు పడ్డానని మామ ఒప్పుకున్నాడు. ఊరు మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. మా అన్న బతికాడని సంతోషించినవాళ్లే, "బతికున్నోనికి దండేసిన చెయ్యి గది, మనోళ్ల ఫోటో అక్కడ పెట్టుడెందుకు?" అన్నారు. అద్దాల పెట్టె కుడి పక్క ఖాళీ అయిపోయింది. అక్కడ మామ ఒక్క ఫోటో పెట్టాడు. దండ లేదు. కడెం ఉన్న ఒక చెయ్యి, మణికట్టు దాకా. ఈ కడెం ఎవరిదో తెలిసినవాళ్లు లోపలికి రమ్మని కింద రాశాడు. ఏళ్ల తరబడి అది ఎండకు వెలిసిపోతే, మళ్లీ నెగెటివ్ నుంచి కొత్తది కడిగి పెట్టేవాడు. ఎవరూ రాలేదు. తెలంగాణ వచ్చాక ఉద్యమం నాటి పాత ఫోటోల కోసం ఆయన ఇంటికి పోయినవాళ్లకు పెట్టెలన్నీ తెరిచి చూపించాడు. వెనక పేరు లేనిది అదొక్కటే.

నేను పెద్దయ్యాక ఒక పత్రికలో చేరి, చాలాకాలం జిల్లా పేజీలు చూశాను. గుర్తు తెలియని మృతదేహం అని రోజూ ఏదో ఒక మూల నుంచి చిన్న వార్త వచ్చేది. ప్రకటన వచ్చి చోటు చాలకపోతే పేజీలోంచి మొదట ఎగిరిపోయేది అదే. నేను దాన్ని ఎన్నడూ తీసేయనివ్వలేదు. చొక్కా రంగు రాయకపోతే విలేకరికి ఫోన్ చేసి అడిగేదాకా పేజీని అచ్చుకు వదల్లేదు. ఇది కూడా ఒక వార్తేనా అని తోటివాళ్లు నవ్వేవాళ్లు. ఉద్యోగం విడిచి చాలాకాలమైంది. ఇప్పటికీ పొద్దున పేపరు రాగానే నా కళ్లు ముందు ఆ మూలకే పోతాయి. ఎత్తు రాశారా, చొక్కా రంగు రాశారా, చేతికి ఏమైనా ఉందని రాశారా అని వెతుక్కుంటాను.