అమ్మమ్మ ఊరి తరఫున

విమానాశ్రయంలో కూర్చుంటే టీవీలో అంతర్జాతీయ రగ్బీ లీగ్ మ్యాచ్ వస్తోంది. ఆస్ట్రేలియాలో పుట్టినవాడొకడు చిన్న దీవి తరఫున ఆడుతున్నాడు. అది వాళ్ల అమ్మమ్మ దేశమట. నాలో పాత కసి రగిలింది.

నాకు పదేళ్లప్పుడు కబడ్డీలో పక్కూరివాళ్లు మా ఊరిని ఓడించారు. మా జట్టు నాయకుడు మా అన్నే. వాళ్లను గెలిపించింది మాత్రం షాద్‌నగర్ కుర్రాడు. "గిది మా అమ్మమ్మ ఊరు. ఆడితే తప్పేంది?" అన్నాడు. అది పచ్చి మోసమనుకుని ఏడాదంతా పళ్లు నూరాను.

మరుసటి ఏడు పోటీకి ఆటగాళ్ల పేర్లు రాసుకునే పెద్దాయన దగ్గరికి ఉరికాను. "తాతా, ఆని రేషన్ కార్డుల ఏ ఊరుందో చూడు!"

వాణ్ని తీసేశారు. అప్పటికే పక్కూరి పొలాలు ఈ విమానాశ్రయం కిందికే పోయాయి, కుర్రాళ్లు కాటేదాన్ ఫ్యాక్టరీల్లో పనులకు పోయారు. జట్టుకు మిగిలింది ఆరుగురే. ఏడుగురు లేనిదే ఆట లేదని కప్పు మాకిచ్చేశారు. నేను గంతులేశాను.

అన్న ఆ కప్పు నా ఒళ్లో పడేశాడు. "వాణ్ని పట్టి పడెయ్యాలని ఏడాది సంది చూస్తున్న. నువ్వు పట్టనియ్యకపోతివి గదనే!"

టీవీలో అమ్మమ్మ దేశపువాడిని ముగ్గురు కలిసి నేలకేసి కొట్టారు. పగ అట్లా తీర్చుకోవాలి.