ఏ బూజును ఉంచాలి?

రజని పదకొండేళ్లుగా బూజును చంపే పనిలో ఉంది. పంజాగుట్టలో ఒక భవనం మూడో అంతస్తులో ఉన్న ఆ ల్యాబులో అరటి, ఆర్కిడ్ మొక్కల్ని గాజు సీసాల్లో పెంచి నర్సరీలకు పంపుతారు. సిరిసిల్ల మరమగ్గాల దగ్గర తెగిన పోగులను చిన్నప్పుడే అతికిన వేళ్లు ఆమెవి. పట్టకారుతో మొలకను ఒక సీసాలోంచి ఇంకో సీసాలోకి మారుస్తుంటే చెయ్యి వణకదు. చేరిన రోజే పెద్దవాళ్లు ఒక మాట చెప్పారు: సీసాలో తెల్లటి బూజు దారం కనిపిస్తే మూత తియ్యకుండా ఆవిరి కుక్కర్లో పడేసి మరగబెట్టు. ఆమె అలాగే చేస్తూ వచ్చింది.

గత ఏడాది జూన్‌లో కాకినాడ నుంచి వసుమతి అనే శాస్త్రవేత్త చేరింది. ముప్ఫై సీసాల్లో ఓట్స్ పొడి కలిపిన గంజి పోయించి, అడవి ఆర్కిడ్ గింజలు చల్లి, ఒక్కోదానిలో తన చేత్తోనే చిటికెడు బూజు పెట్టింది.

"మేడం, గదేంది? మీరే బూజు పెడ్తున్నరు?" రజని బిత్తరపోయింది.

"ఈ గింజ చూడండి రజనిగారూ, దుమ్ములా ఉంది. శనగగింజలో ఉన్నట్టు దీంట్లో తిండి ఉండదు. అడవిలో ఈ ఫంగస్ లోపలికి వెళ్తేనే మొలుస్తుంది."

"మరి మనం ఇన్నేండ్లు బూజు లేకుండనే మొలిపిస్తిమి కద?"

"మనం చక్కెర పోశాం కాబట్టి."

"అంటే బూజు దీనికి అన్నం పెడ్తదా?"

"పెడుతుందనీ అనలేం. గింజే ఆ దారాల్ని అరిగించుకుంటుంది. ఒక్కోసారి బూజే గింజను తినేస్తుంది."

రజని తల ఊపింది గానీ ఎవరు ఎవరిని సాకుతున్నారో ఆమెకు అంతుబట్టలేదు.

ఆరు వారాల తర్వాత వసుమతి ఆ సీసాల్ని చీకటి బీరువాలోంచి వెలుతురులోకి మార్చి, "ఏదీ పారెయ్యకండి" అని చెప్పి పాడేరు అడవులకు వెళ్లింది. అక్కడ ఫోను కలవదు.

ఐదో రోజున ఆరు సీసాల్లో పచ్చదనం కనబడింది. ల్యాబు యజమాని హనుమత్ప్రసాద్ చూసి కంగారుపడ్డాడు.

"ఇది వేరే బూజు రజనీ. అరటి సీసాలకు పాకితే మొత్తం పోతాయి. అన్నీ తీసెయ్."

"మేడం పారెయ్యద్దన్నది సార్."

"ఆవిడ చూసినప్పుడు ఈ పచ్చ లేదుగా?"

అదీ నిజమే. రజని భూతద్దం పెట్టి చూసింది. పచ్చ నలుసులు ఒకసారి పొడిలా, ఒకసారి గుండ్రంగా కనిపించాయి. ఎంతకీ తేలక, చివరికి ఆ ఆరింటినీ కుక్కర్లో పెట్టేసింది. "మిగిలినయి ఇంటికి కొంచవోత సార్, ఈడ ఉంటెనే కద భయం" అని అడిగి, ఇరవై నాలుగు సీసాల్నీ పాత చీరలో చుట్టుకుంది. అమీర్‌పేట చౌరస్తాలో ఆటో కుదిపినప్పుడల్లా మూటను గట్టిగా పట్టుకుంటూ బల్కంపేటలోని తన గదికి చేరింది.

తల్లి బుచ్చవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది. "ఇంట్ల బూజు దులపమంటె బయటి బూజు తెస్తివా?"

"గిది మంచి బూజంట అవ్వా."

"మంచిదో చెడ్డదో ఎట్ల తెలుస్తది?"

"నాకు సుత తెల్వది."

వారం తర్వాత తిరిగొచ్చిన వసుమతి ఆ గదికే వచ్చి, కిటికీ దగ్గర కూర్చుని సీసాలు ఒక్కొక్కటే ఎత్తి చూసింది. పంతొమ్మిదింటిలో గింజలు నల్లబడి చచ్చాయి. ఐదింటిలో మాత్రం ఆవగింజలో సగమైనా లేని పచ్చటి బుడిపెలు ఉన్నాయి.

"మొలకలు!" అని వసుమతి నవ్వింది.

రజని దగ్గరికి వచ్చి చూసింది. "నేను మరగబెట్టిన ఆరింట్ల సుత పచ్చగనే ఉండె మేడం."

"పొడిలా ఉంటే అది పాడు బూజు. పొడిలా ఉందా? ఇలా గుండ్రంగానా?"

"అప్పుడు పొడి అనుకున్న. ఇప్పుడు గివి చూసినంక గుండ్రంగనే ఉండె అనిపిస్తుంది. ఏది నిజమో తెలుస్తలేదు."

వసుమతి చేతిలోని సీసాను కింద పెట్టింది. "మైక్రోస్కోపు నేర్పకుండా వెళ్లడం నా తప్పండీ" అంది.

"అవే గింజలు, అదే బూజు. మరి పంతొమ్మిదింట్ల ఎందుకు సచ్చినయ్?"

"అది నాకూ తెలీదు."

చదువుకున్న మనిషి అంత తేలిగ్గా తెలీదనడం రజనిని ఇంకా తికమక పెట్టింది. కొన్నాళ్లు అన్నం సయించలేదు.

ఆ ఐదు సీసాల్లోంచి నలభై దాకా మొక్కలు నిలిచాయి. రజని మైక్రోస్కోపు నేర్చుకుంది. ఇప్పుడు దాని కింద చూడకుండా ఏ సీసానూ మరగబెట్టదు. పని నెమ్మదించిందని హనుమత్ప్రసాద్ విసుక్కుంటాడు. మొన్న బల్ల చివర విడిగా పెట్టిన మూడు సీసాల్ని చూపించి, "ఇవి ఉంచేవా, తీసేసేవా?" అని అడిగాడు.

"ఇంకా తెల్వలే సార్," అంది రజని. "రేపు మళ్ల చూస్త."