మంద తిరిగొచ్చినంక

తాండూరు లైబ్రరీలో రుఖియా చేరి ఇరవై రెండేళ్లు. చేరినప్పుడు ఆమె పని బీరువాల దుమ్ము దులపడం. దులుపుతూ చదివింది, చదువుతూ పరీక్షలు రాసింది. ఇప్పుడు పుస్తకాలిచ్చే బల్ల ఆమెది. నాపరాళ్ల పాలిషింగ్ పనివాళ్లు తెల్లటి చేతులతో వస్తే చేతులు కడుక్కోమని ముందు నల్లా చూపిస్తుంది, తర్వాతే పుస్తకం.

ఆమె రిజిస్టరులో ఒక వింత ఉంది. తిరిగివ్వాల్సిన తేదీ గడిలో అందరికీ పదిహేను రోజుల గడువుంటుంది. గొర్రెల కాపర్లకు మాత్రం ‘మంద తిరిగొచ్చినంక’ అని ఉంటుంది. ఇది కొడంగల్ దిక్కు బీరన్నతో మొదలైంది. చలికాలం చివర మేత వెతుక్కుంటూ మందను తోలుకుపోతే మళ్లీ తొలకరికి గాని ఊరు చేరడు. పోయేముందు ఒక పుస్తకం పట్టుకుపోతాడు.

“సన్నది ఇయ్యకు ఆపా, నాలుగు దినాలకే అయిపోతది. ఆనంక గొర్ల మొకాలు చూస్కుంట కూసోవాలె” అంటాడు. రుఖియాను అతను అక్క అనడు, ఉర్దూలో ఆపా అంటాడు.

ఈ ఎండాకాలం జిల్లా లైబ్రరీలకు కంప్యూటర్లు పెట్టాలని తేల్చారు. మూడు కంపెనీలు ముందుకొచ్చాయి. నమూనాగా ఎక్కించి చూపించమని మూడింటికీ తాండూరు రిజిస్టరు నకలిచ్చారు. ఎవరిది తీసుకోవాలో వికారాబాదులో మీటింగు. రుఖియా ఆ రిజిస్టరు సంచిలో పెట్టుకుని పొద్దుటి రైలెక్కింది. కంప్యూటరంటే ఆమెకు భయం లేదు, ఆశే.

మీటింగు బల్ల చుట్టూ పదకొండు మంది. వాళ్లలో ఆ ఏడాది ఒక్క పుస్తకమైనా తెరిచినవాళ్లెందరో అడగకపోవడమే మర్యాద. మొదటి కంపెనీ మనిషి ప్రణయ్ ఒక మీట నొక్కాడు. తెర నిండా ఎర్రటి పేర్లు.

“పందొమ్మిది మంది ఎగవేతదారులు సార్. ఒక్క సెకనులో దొరికిపోయారు.”

అందరూ తలలూపారు. అన్నిటికంటే పైన బీరన్న పేరు. పందొమ్మిది మందీ గొర్రెల కాపర్లే. తమ తేదీ గడిలో మాటలు పట్టక, కంపెనీవాళ్లు కాపర్లందరికీ పదిహేను రోజులే వేసేశారు.

“ఈ పేర్లు కొట్టేయండి. వీళ్లకిక పుస్తకాలు బంద్” అన్నాడు పెద్ద అధికారి కుమారస్వామి.

రుఖియా లేచింది. “సార్, గాయిన ఎగ్గొట్టేటోడు కాదు. మంద ఇంకా రాలే.”

గదంతా గొల్లున నవ్వింది.

“మందకు కూడా మెంబర్‌షిప్ ఇచ్చినవా అమ్మా?” అన్నాడొకాయన.

“లేదు సార్. చదివేటోళ్లకే ఇస్తం” అంది రుఖియా.

ఆమె రిజిస్టరు కుమారస్వామి ముందు తెరిచింది. పన్నెండేళ్ల పేజీలు. ఈ ఎండాకాలానివి తప్ప ప్రతి ‘మంద తిరిగొచ్చినంక’ పక్కనా ‘ముట్టింది’ అని సంతకం. ఒక్కటీ తప్పిపోలేదు. ఆయన పేజీలు తిప్పుతూ పోయాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని ప్రణయ్‌ని అడిగాడు:

“ఇది మీ దాంట్లో రాయొస్తదా?”

“పదిహేను రోజులు ఫిక్స్ సార్. మారదు.”

రెండో కంపెనీ ఆర్నెల్లు టైమడిగింది. మూడో కంపెనీ నుంచి వచ్చిన అంబిక మాత్రం కుర్చీ జరిపి, “అక్కా, ఇట్ల కూసో. ఏం రాయాల్నో చెప్పు” అంది. రుఖియా చెప్పింది, ఆ పిల్ల టైపు కొట్టింది. ఆమె తెర మీదా ఎర్రగా ఉన్న పందొమ్మిది పేర్లూ నలుపుకు తిరిగాయి.

కుమారస్వామి ఆ కంపెనీ కాగితం మీదే టిక్కు పెట్టి, పక్కన తన చేత్తో రాశాడు: ‘గడువు లైబ్రరీవాళ్ల చేతిలో ఉండాలి.’

తిరుగు రైల్లో రుఖియాకు కిటికీ సీటు దొరికింది. శనగలు కొనుక్కుంది.

తొలకరి పడ్డ నాలుగో రోజు బీరన్న వచ్చాడు. గొంగడి మడతలోంచి పాలిథిన్ కవరు, అందులోంచి పుస్తకం తీశాడు. గొర్రెల వాసన కొట్టింది. రుఖియా మీట నొక్కితే తెరమీద ‘ముట్టింది’ అని పడింది.

“నా పేరు గిండ్ల గూడ ఎక్కించినవా ఆపా?”

“ఎక్కించిన. జర్రంతల కొట్టేస్తుండిరి తెల్సా?”

“ఎందుకు? నేనేం జేసిన?”

“ఏం జెయ్యలే. లేటుగొచ్చినవ్, గంతే.”

“వాన లేటు జేసింది గాని, నేను గాదు” అని బీరన్న లావు పుస్తకాలున్న బీరువా వైపు నడిచాడు.