యముడిని పీట మీద కూర్చోబెట్టిన వెంకటరాజం మామ

మా వెంకటరాజం మామ ఒక సాయంత్రం యముడిని ముక్కాలి పీట మీద కూర్చోబెట్టి, చాయ్ చుక్క కూడా పోయకుండా రెండు గంటలు ఆపాడు. నమ్మనివాళ్లు చౌటుప్పల్‌లో దిగి మా ఊరి ఆటో ఎక్కండి. పీట ఇప్పటికీ ఉంది. యముడు మాత్రం వెళ్లిపోయాడు.

నేను పదో తరగతి మధ్యలో బడి మానేసిన మనిషిని. నేను పోయాక ఆ బడికి కళ తప్పిందని ఊళ్లో ఇప్పటికీ అనుకుంటారు, ముఖ్యంగా నేను. అయినా ఈ కథ నాది కాదు, మామది.

మామ మగ్గం నేస్తాడు, చీరలకు డిజైన్లు గీస్తాడు. గ్రాఫు కాగితం మీద గళ్లు నింపి ఇస్తే, దాన్ని చూసి ఆడవాళ్లు నూలుకు చిటికి కడతారు. అంటే రంగు అంటకూడని చోట రబ్బరు ముక్కలు చుట్టి బిగిస్తారు. ఇది బతుకుదెరువు. ఇక పిచ్చి వేరే ఉంది. పొద్దున్నే ఒక పేజీ రాయందే మామ మగ్గం ఎక్కడు. అలా రాసిన దాన్ని ప్రతి మాఘంలో మార్కండేయ జయంతికి మా పద్మశాలి సంఘం ముందు నాటకం ఆడిస్తాడు. పెద్ద వేషం నాదే, ఎందుకంటే నా గొంతు చిట్యాల దాకా వినిపిస్తుంది. కాకపోతే నేను సొంతంగా నాలుగు మాటలు కలుపుతాను. అందుకని మామ ఒక చట్టం చేశాడు: "కాయితం మీద లేనిది నాటకంల ఉండొద్దు."

కరోనా సద్దుమణిగిన ఏడాది మామ కుడిచెయ్యి వణకడం మొదలైంది. మొదట బొటనవేలు, తర్వాత చెయ్యంతా. పెరుగు గిన్నె మామ చేతికిస్తే చాలు, సావిత్రమ్మ అత్తకు కవ్వంతో పని లేకుండా వెన్న తేలేది. ఇది నేను చెప్పే సంగతి. హైదరాబాద్ దవాఖానలో డాక్టరు మాత్రం పార్కిన్సన్ జబ్బు అన్నాడు. గోలీలు ఇచ్చి, రాయడం ఆపొద్దు, అక్షరాలు పెద్దవిగా రాయమని చెప్పాడు.

ఆ పెద్దగా రాయడమే కుదరలేదు. రూళ్ల నోటుబుక్కులో వరుస మొదట్లో అక్షరం గుమ్మడికాయ, చివరికొచ్చేసరికి ఆవగింజ. దాన్ని చదవాలంటే చీమల భాష రావాలి.

సంఘం అధ్యక్షుడు అశోక్‌కుమార్ ఇంటికొచ్చాడు.

"రాజమన్నా, ఈసారి జర ఆరాం తీసుకో. నల్గొండ నుంచి ఆర్కెస్ట్రా మాట్లాడుత."

"ఒక్క ఏడు ఆగితే మళ్ల నన్నెవడు అడగడు. నేను గూడ రాయ," అన్నాడు మామ.

"అయితె పుష్యం అమాసకు నాటకం మొత్తం నా చేతుల పెట్టు. లేకుంటె ఆర్కెస్ట్రానే."

నాకు జాలేసింది. "మామా, నువ్వు చెప్పు, నేను రాస్త," అన్నాను. యముడు వచ్చిండని రాయమన్నాడు. నేనేమో, యముడు పన్నెండు ఏనుగుల మీద డీజే పెట్టుకొని వచ్చాడని రాశాను.

"ఏనుగులెక్కడియిరా?"

"ఒట్టి దున్నపోతు మీద వస్తె ఎవలు సూస్తరు మామా?"

"నాకు చెయ్యి ఒక్కటే వణుకుతది. నీకు బుద్ధంత వణుకుతది. లే అవుతలికి."

నా ఉద్యోగం అలా ఊడింది.

మరునాడు మామ గోలీ వేసుకుని, చెయ్యి కాస్త నెమ్మదించాక, డిజైన్లు గీసే గ్రాఫు కాగితం ముందేసుకున్నాడు. ఎర్ర స్కెచ్ పెన్నుతో గడి గడికీ రంగు నింపుతూ ఒక అక్షరం కట్టాడు. తర్వాత ఇంకొకటి. చెయ్యి వణికినా గడి వణకదు కదా. అక్షరాలు బారెడు పొడవున, బుద్ధిగా నిలబడ్డాయి. చిక్కేమిటంటే కాగితానికి ఒక్క వాక్యమే పట్టింది. ఆ లెక్కన నాటకం పూర్తయ్యేసరికి దాన్ని మోయడానికి ట్రాక్టరు కావాలి.

మొదట రాసింది కథ కొసను. "చెయ్యి ఎన్నాళ్లు మాటింటదో. కొస ముందు పెట్టుకుంట," అన్నాడు అత్తతో.

కథ ఇదీ. నేతగాడి కోసం యముడొస్తాడు. మగ్గం మీదున్న పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోగానే వస్తానంటాడు నేతగాడు. యముడు పీట మీద కూర్చుంటాడు. మాలో మగ్గాన్ని ఖాళీగా ఉంచరు. పాత పడుగు కొసలకే కొత్త పడుగు పోగులు అతికిస్తారు. యముడికి ఈ సంగతి తెలియదు. ఇక ఆ పడుగు అయ్యేదెప్పుడు? చివర్లో నేతగాడు తల కూడా ఎత్తకుండా అనే మాట: "పోగు ఇంక ఉంది, కూసో."

అమావాస్య నాడు అశోక్‌కుమార్ వచ్చాడు. కాగితాల కట్ట అత్త నడుం దాకా ఉంది. కొస కాగితం మాత్రం లేదు. బియ్యం డబ్బాలో, గోలీల సంచిలో, చివరికి నా జేబుల్లో కూడా వెతికారు. మళ్లీ రాద్దామంటే ఆ వారం చలికి చెయ్యి అసలే మాట వినడం లేదు, పెన్ను గడి దాటి పారిపోతోంది.

"నోటితోని చెప్తె అయితదా?" అంది అత్త.

"కాయితం మీద లేనిది నాటకంల ఉండొద్దని అన్ననే అన్నడు గద వదినా," అంటూ అశోక్‌కుమార్ ఫోను తీశాడు.

మామ తన చట్టానికి తానే దొరికిపోయాడు. చెయ్యిని మోకాళ్ల మధ్య అదిమి పట్టుకుని కూర్చున్నాడు. నేను సొంత మాట ఒక్కటీ కలపకుండా మళ్లీ మంచం కిందికి దూరి వెతికాను. మా ఊరి చరిత్రలో అది మొదటిసారి.

అప్పుడే చిటికి కట్టే యాదలక్ష్మి ఒక మడత బట్టతో లోపలికొచ్చింది.

"మామా, కోపానికి రాకు. నీ డిజైను సగం సక్కగ వచ్చింది, సగం ఎదురు తిరిగింది. ఏం పువ్వో సమజైతలేదు."

"నేనెప్పుడిచ్చిన నీకు డిజైను?"

"అత్త ఇచ్చింది గద."

"డిజైన్ల కట్టల ఉంటె డిజైనే అనుకున్న," అంది అత్త.

బట్ట విప్పితే ఎర్రటి నేల మీద తెల్లటి అక్షరాలు: పోగు ఇంక ఉంది, కూసో. నూలు మడత పెట్టి కట్టారు కాబట్టి, పక్కనే అదే మాట అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది. యాదలక్ష్మి ఇంటర్ పాసైంది. నేసిన ఆమె మొగుడు కూడా చదువుకున్నవాడే. కానీ గ్రాఫు ముందు కూర్చుంటే మావాళ్లకు అక్షరం కనబడదు, గళ్లే కనబడతాయి.

మామ బట్టను వేలితో తడిమి చూశాడు. "'కూ' కాడ ఒక గడి తప్పినవు బిడ్డా," అన్నాడు.

"అన్నా, కాయితం మీదయితె లేదు," అన్నాడు అశోక్‌కుమార్, అప్పటికే సగం నవ్వుతూ.

"బట్ట మీద ఉన్నది. ఉతికినా పోదు."

ఫోను జేబులోకి వెళ్లింది.

జయంతి నాడు యముడు నేనే. ఆలేరు నుంచి జనం రైలు పైకప్పు మీద కూర్చుని వచ్చారు. చివర్లో నేతగాడు మగ్గం మీద నుంచి లేవకుండానే ఆ బట్టను నా ఒళ్లో పడేశాడు. నేను సూటిగా ఉన్న సగం చదివి, తిరగబడ్డ సగం కోసం మెడ తిప్పేసరికి జనం పడీపడీ నవ్వారు. ఒక్క మాట కూడా కలపలేదు, ఒట్టు. ముందు వరుసలో మామ ఎడమచెయ్యి ఊరికే చాచి పెట్టాడు. కుడిది తనంతట తానే చప్పట్లు కొట్టింది.

ఇప్పుడు కూడా పొద్దున గోలీ వేసుకుని గళ్ల ముందు కూర్చుంటాడు. డిజైన్లకు ఒక సంచీ, నాటకానికి ఒక సంచీ. మొన్న నేను రాసిన ఇదంతా చదివి వినిపిస్తే, పెన్ను ఆపకుండానే అత్తతో అన్నాడు:

"యముడు రాలె, గిముడు రాలె. పీట మీద కూసున్నది వీడు. చాయ్ గూడ తాగిండు, రెండుసార్లు."